ఫస్ట్ ఎడిషన్ అని అమ్మాడు, అంకెల వరస మాత్రం 2తో మొదలైంది: గోర్ విడాల్ 'లింకన్' పాత కాపీ

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

ఒళ్లు మండిపోయి రాస్తున్నా. పాత పుస్తకాలు ఆన్‌లైన్లో అమ్మే ఒకాయన దగ్గర అమెరికా రచయిత గోర్ విడాల్ రాసిన 'లింకన్' నవల కొన్నాను. ర్యాండమ్ హౌస్ ప్రచురణ, 1984, గట్టి అట్ట, పైన కాగితం జాకెట్ ఉంది. "ఫస్ట్ ఎడిషన్, ఫస్ట్ ప్రింటింగ్" అని స్పష్టంగా రాసి 85 డాలర్లు తీసుకున్నాడు. నిన్న పార్సిల్ వచ్చింది. కాపీరైట్ పేజీ తీస్తే 'ఫస్ట్ ఎడిషన్' అని ఉంది కానీ దాని పక్కనున్న అంకెల వరస 24689753. ఎంత వెతికినా 1 లేదు. మా ఆఫీసులో పుస్తకాలు పోగేసే ఆయనకి చూపిస్తే "వరసలో అన్నింటికన్నా చిన్న అంకే ముద్రణ సంఖ్య, ఇది రెండో ముద్రణ, నిన్ను ముంచాడు" అన్నాడు. అమ్మినాయనకి రెండు మెయిళ్లు పెట్టాను, ఉలుకూ పలుకూ లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే ఇది నాన్న కోసం. నాన్న ఖమ్మంలో ఇంగ్లీష్ టీచరుగా రిటైరయ్యారు. 1996లో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఈ నవల పేపర్‌బ్యాక్ కొన్నారు. చివర్లో ఓ పాతిక పేజీలు లేవు. లింకన్ నాటకానికి బయల్దేరతాడు, అక్కడితో పుస్తకం అయిపోతుంది. ఆ మిగతా పేజీల కోసం ఎన్నో ఆదివారాలు తిరిగారు. నేనిప్పుడు ఉండేది లింకన్ ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే. ఎనిమిదో వీధిలో ఆయన ఇంటి ముందు నుంచే రోజూ వెళ్తాను. వచ్చే నెల ఇండియా వస్తున్నా, మంచి కాపీ తెచ్చి చేతిలో పెడదామనుకున్నాను. ఇప్పుడేం చెయ్యాలి?

సందేహాల్రావు

క్రెడిట్ కార్డు వాళ్లకి ఫిర్యాదు పెట్టండి. డబ్బు వెనక్కొస్తుంది.

గోదారిగట్టు

ఒక్క మాట అడుగుతా, కోప్పడకండి. చివరి పాతిక పేజీల్లో ఏం జరుగుతుందో లోకమంతటికీ తెలుసు కదండీ! నాటకశాల, పిస్తోలు, అంతే. మీ నాన్నగారు ఇన్నేళ్లు వెతికారంటే ముచ్చటేస్తోంది.

పాతకాగితం

శీను గారూ, ఆ ఫిర్యాదు పెట్టకండి. ముందు ఇది చదవండి.

మీ ఆఫీసాయన చెప్పిన సూత్రం చాలా ప్రచురణ సంస్థలకి సరిపోతుంది. ర్యాండమ్ హౌస్‌కి సరిపోదు. ఆ రోజుల్లో వాళ్ల వరస 2తోనే మొదలయ్యేది. మొదటి ముద్రణకి 'ఫస్ట్ ఎడిషన్' అన్న మాటే గుర్తు. రెండో ముద్రణకి వెళ్లినప్పుడు ఆ మాట తీసేసేవాళ్లు, 2 మిగిలేది. అంటే 'ఫస్ట్ ఎడిషన్' అన్న మాటా, 2 అంకే రెండూ కలిసి ఉంటే అది మొదటి ముద్రణ. మాట లేకుండా 2 ఉంటే రెండోది. మూడో ముద్రణకి 2 కూడా పోతుంది.

ఆ వరసని ఇంకోసారి చూడండి. 2 4 6 8 ఎడమ నుంచి పెరుగుతాయి, 9 7 5 3 కుడివైపుకి తగ్గుతాయి. అంకెలు అలా ఎందుకు పేర్చారంటే, ముద్రణ ముద్రణకీ ఒకసారి ఎడమ చివర, ఒకసారి కుడి చివర అంకె చెరిపేస్తారు. 2 పోతుంది, తర్వాత 3, తర్వాత 4. ఎన్ని పోయినా వరస పేజీ మధ్యలోనే ఉంటుంది, ఒక పక్కకి జరిగినట్టు కనబడదు. ప్లేటు మళ్లీ చెయ్యకుండా గీకేస్తే సరిపోయే ఏర్పాటు. నాకు ఈ సంగతి తెలియక 1999లో ఒక మంచి కాపీ వదిలేసుకున్నాను, ఇప్పటికీ బాధే.

అమ్మినాయన అబద్ధం చెప్పలేదు. ఎడిషన్ విషయంలో మటుకు.

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

నిజమా సార్! ఆయనకి పెట్టిన రెండో మెయిల్ కాస్త ఘాటుగా రాశాను. ఇప్పుడే క్షమాపణ రాస్తా.

ఆబిడ్స్_ఆదివారం

పాతకాగితం అన్నా, గీ అంకెల ముచ్చట నాకు ఇయ్యాలనే తెలిసింది. నా దగ్గర ర్యాండమ్ హౌస్‌వి నాలుగున్నయి, అన్నీ రెండో ముద్రణ అనుకొని ఎన్కకు పెట్టిన. ఇంటికి పోంగనే తీసి చూస్త.

శీను తమ్మీ, 1996ల నేను కూడా ఆబిడ్స్‌ల ప్రతి ఆదివారం ఉంటుంటి. అమెరికా పేపర్‌బ్యాకులు కిలోల లెక్కన వచ్చేటివి. అట్ట చినిగినయి, చివరి పేజీలు ఊడినయి చానా ఉండేటివి. లావు పుస్తకాలకే ఆ తిప్పలు ఎక్కువ, జిగురు ఎండిపోయి వీపు దగ్గర పగుల్తది. మీ నాయినను చూసే ఉంట.

పాతకాగితం

ఇంకో రెండు పరీక్షలు మిగిలాయి శీను గారూ. బుక్ క్లబ్ తన సభ్యుల కోసం వేసే కాపీల్లో కొన్నిసార్లు అసలు ప్లేట్లే వాడతారు కాబట్టి కాపీరైట్ పేజీ ఒక్కటీ నమ్మడానికి లేదు.

జాకెట్ ముందు మడత లోపల, పైమూల ధర ఉందా? కత్తిరించేసి ఉందా? ఇక జాకెట్ తీసి వెనకట్ట మీద, కింద వీపు దగ్గర వేలు పెట్టి చూడండి. చిన్న గుంటలా, చుక్కలాగో చదరంలాగో అచ్చు నొక్కినట్టు తగిలితే క్లబ్ కాపీ. కంటికి కనబడకపోవచ్చు, దీపం పక్కనుంచి పడేలా పట్టుకోండి.

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

ధర ఉంది, మూల కత్తిరించలేదు. వెనకట్ట మీద టార్చి పక్కనుంచి వేసి మా అమ్మాయి చేత కూడా తడిమించాను, నున్నగా ఉంది, ఏ గుంటా లేదు.

జాకెట్ వీపు మాత్రం ఎండకి వెలిసింది. ముందు వైపు రంగుకీ వీపు రంగుకీ తేడా తెలుస్తోంది. లోపల మొదటి తెల్లకాగితం మీద ఇంకుతో ఒక తండ్రి కూతురికి రాసినట్టుంది, పేరు చెప్పను. కింద 'క్రిస్మస్ 1984'.

పాతకాగితం

అయితే మీ చేతిలో ఉన్నది అసలు సిసలు మొదటి ముద్రణే.

ఇప్పుడు చేదు మాట. 85 ఎక్కువ. ఈ నవల వచ్చిన ఏడాది బాగా అమ్ముడుపోయింది, మొదటి ముద్రణే పెద్ద సంఖ్యలో వేశారు. రచయిత సంతకం లేని కాపీకి నేనెప్పుడూ 25 డాలర్లు దాటి పెట్టలేదు. పైగా వీపు వెలిసింది, ఎవరో రాశారు. బేరం ఆడితే తగ్గేవాడు.

సందేహాల్రావు

అదిగో, ఎలాగైనా ముంచాడుగా.

మాధవి_డెన్వర్

ముంచడం ఏముంది అందులో? ధర ముందే చెప్పాడు, ఈయన ఒప్పుకున్నాడు. వస్తువు చెప్పినట్టే ఉంది. నాన్న పాతికేళ్లకి పైగా వెతికిన పుస్తకానికి 85 డాలర్లు నా లెక్కలో ఎక్కువ కాదు.

గోదారిగట్టు గారూ, మీరు అడిగిన దానికి నేను చెప్తాను. ఈ నవల నేను మూడుసార్లు చదివాను. చివరి పేజీల్లో ఉన్నది పిస్తోలు కాదు. హత్య అయ్యాక ఒక ముగింపు ఘట్టం ఉంది. 1867లో, పారిస్‌లో. అది చదవకపోతే రచయిత ఇన్ని వందల పేజీలు ఎందుకు రాశాడో తెలియదు. అంతకంటే చెప్పను, శీను గారి నాన్నగారు ఇది చదివితే?

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

ఆయన ఫోన్లో వాట్సాప్ దాటి వెళ్లరు అక్కా. ధైర్యంగా చెప్పండి. కానీ నేనూ ఇంకా చదవలేదు :)

గోదారిగట్టు

అయితే చెప్పద్దు. నేను కూడా చదువుతాను. ఇంతమంది ఇంతలా చెబుతుంటే ఆశ పుట్టింది. ఎలా ఉంటుందండీ, చరిత్ర పాఠంలాగానా, కథలాగానా?

కడపకుర్రోడు

రాజకీయం లాగా ఉంటాది సార్! నేను దాన్ని చదివింది అందుకే.

మొదటి పేజీ నుంచే పట్టుకుంటాది. 1861 ఫిబ్రవరి 23, తెల్లారి ఆరు గంటలు, వాషింగ్టన్ రైల్వే స్టేషన్. బాల్టిమోర్‌లో చంపేస్తారని కబురొచ్చింటే కాబోయే ప్రెసిడెంటు దొంగచాటుగా, ఒక డిటెక్టివ్‌నీ ఒక స్నేహితుడినీ ఎంటబెట్టుకోని దిగుతాడు. పలకరించడానికి వచ్చింది ఒకే ఒక్క కాంగ్రెస్ సభ్యుడు. దేశాన్ని ఏలబోయేటోడు రావాల్సిన తీరా అది!

ఇంగ మంత్రివర్గం చూడండి. సీవార్డ్ విదేశాంగ మంత్రి, చేజ్ ఆర్థిక మంత్రి. ఇద్దరూ ప్రెసిడెంటు ఎన్నికకి పార్టీ టికెట్టు కోసం లింకన్ మీద పోటీ పడి ఓడినోళ్లే. సీవార్డ్ అయితే ఏప్రిల్ 1నే ఒక కాగితం రాసిచ్చినాడు, నువ్వు చెయ్యలేకపోతే నేను నడిపిస్తా అన్నట్టు. చేజ్ ఇంకా ఘనుడు, మంత్రిగా కూర్చోనే 1864 ఎన్నికలకి తన పేరు ముందుకు తోయించుకున్నాడు. పక్కలో బల్లెం అంటామే, అట్లాంటివి రెండు పెట్టుకోని అంతర్యుద్ధం నడిపినాడు సామీ. చివరికి చేజ్ రాజీనామా ఆమోదించేసి, అదే ఏడాది డిసెంబరులో ఆయన్నే సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తిని చేసినాడు. ఆ ఎత్తు అర్థం చేసుకోవాలంటే ఇది చదవాల్సిందే.

చరిత్ర_టీచరమ్మ

కడపకుర్రోడు చెప్పినవన్నీ జరిగినవే. కానీ ఇక్కడే నా అభ్యంతరం కూడా మొదలవుతుంది. డిగ్రీ పిల్లలకి అమెరికా చరిత్ర చెప్పాను కాబట్టి అంటున్నాను.

నవల చదివి లింకన్ని తెలుసుకున్నాం అనుకుంటే పొరపాటు. విడాల్ పరిశోధన గట్టిదే, హార్వర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ డొనాల్డ్ చేత రాతప్రతి చూపించుకున్నాడు. అయినా కొన్నిచోట్ల తన సిద్ధాంతానికి అనువైన సాక్ష్యాన్నే పట్టుకున్నాడు. నల్లజాతి వాళ్లని దేశం బయట ఎక్కడైనా స్థిరపరచాలన్న ఆలోచన లింకన్‌కి ఉండేది, అది నిజం. 1862 ఆగస్టు 14న వైట్ హౌస్‌కి అయిదుగురు నల్లజాతి ప్రతినిధుల్ని పిలిపించి, మనం వేరువేరుగా ఉండటమే ఇద్దరికీ మేలు అని వాళ్ల ముఖం మీదే చెప్పాడు. చదువుతుంటే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది. అయితే చివరి రోజుల దాకా ఆ ఆలోచన వదల్లేదని నవల చూపిస్తుంది. దానికి ఆధారం జనరల్ బట్లర్ ఎన్నో ఏళ్ల తర్వాత రాసుకున్న జ్ఞాపకాలు. వాటిని చాలామంది చరిత్రకారులు నమ్మరు. 1865 ఏప్రిల్ 11న చేసిన ఆఖరి ప్రసంగంలో లింకన్ ఏమన్నాడు? చదువుకున్న నల్లవాళ్లకీ, సైన్యంలో పోరాడిన వాళ్లకీ ఓటు ఉంటే బాగుంటుందన్నాడు. ఆ గుంపులో నిలబడి విన్నవాళ్లలో జాన్ విల్క్స్ బూత్ ఉన్నాడు. మూడు రోజులకే లింకన్ని కాల్చాడు.

వెళ్లిపొమ్మన్న మనిషి ఓటు దాకా వచ్చాడు. ఆ రెండున్నరేళ్ల దారే నాకు లింకన్‌లో అసలైన సంగతి. నవల ఆ దారిని సన్నం చేసింది.

పాతకాగితం

టీచరమ్మ గారు చెప్పిన విషయం మీదే 1988లో న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్ అనే పత్రికలో పెద్ద రచ్చ జరిగింది. రిచర్డ్ కరెంట్, హెరాల్డ్ హోల్జర్ లాంటి లింకన్ పండితులు ఒకవైపు, విడాల్ ఒకవైపు. ఆయన కూడా తక్కువ తినలేదు, దొరికినవాణ్ణి దొరికినట్టు ఏకాడు. అదే ఏడాది టీవీలో ఈ నవల సీరియల్‌గా వచ్చింది, సామ్ వాటర్‌స్టన్ లింకన్‌గా, మేరీ టైలర్ మూర్ ఆయన భార్య మేరీగా.

మాధవి_డెన్వర్

టీచరమ్మ గారూ, మీ మాట కాదనను. కానీ ఒక విషయం మీరు గమనించారా? ఈ నవలలో లింకన్ మనసులోకి రచయిత వెళ్లడు. ఎప్పుడూ ఎవరో ఒకరి కళ్లలోంచే చూస్తాం. సీవార్డ్, చేజ్, మేరీ, సెక్రటరీ జాన్ హే, ఆఖరికి హత్యకి సాయపడిన డేవిడ్ హెరాల్డ్ అనే మందులషాపు కుర్రాడు. అందరూ ఆయన్ని తూస్తుంటారు, అందరి తూకమూ తప్పుతుంది. ఆయన ఒక పిట్టకథ చెబుతాడు, అందరూ నవ్వుతారు, ఆయన అనుకున్నది చేసేస్తాడు. మన చారిత్రక నవలల్లో రాజు పాన్పు మీద వాలగానే రచయిత ఆయన గుండెలో దూరి రెండు పేజీలు చెబుతాడు. ఇక్కడ అది లేదు. అందుకే నాకు ఇది నిజాయితీ గల పుస్తకం అనిపిస్తుంది. నాకు తెలియని మనసు నేను చెప్పను అన్నాడు ఆయన.

మేరీ విషయం కూడా చూడండి. చరిత్ర పుస్తకాలు చాలావాటిలో ఆవిడ గయ్యాళి, దుబారా మనిషి. వైట్ హౌస్ బాగుచేసుకోమని కాంగ్రెస్ ఇచ్చిన 20,000 డాలర్లు దాటిపోయి అప్పులు చేసింది నిజమే. కానీ తోబుట్టువులు కొందరు అవతలి, అంటే దక్షిణాది, సైన్యంలో ఉన్నారు, వాళ్లు పోతే బయటికి ఏడవడానికి లేదు. 1862 ఫిబ్రవరి 20న పదకొండేళ్ల కొడుకు విల్లీ జ్వరంతో పోయాడు. అంతకు రెండు వారాల ముందు పై అంతస్తులో పిల్లాడు జ్వరంతో కాలిపోతుంటే కింద పెద్ద విందు జరుగుతోంది, ఆవిడ మెట్లెక్కుతూ దిగుతూ ఉంది. ఆ భాగం నేను ఎప్పుడూ ఒక్క బిగిన చదవలేకపోయాను.

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

అక్కా, మీరు విల్లీ అనగానే వెళ్లి ఆ భాగం వెతికాను. ఒళ్లు జలదరించింది.

పుస్తకం మొత్తం తిరగేస్తే ఎక్కడా గీతలు లేవు, చాలా శుభ్రంగా ఉంది. ఆ పిల్లాడు పోయే పేజీ అంచున మాత్రం పెన్సిల్‌తో, చాలా సన్నగా, ఒక చిన్న నిలువు గీత. పక్కన 'మార్చి 1986' అని ఉంది. ముందు కాగితం మీద ఉన్న తండ్రి దస్తూరీ కాదిది, గుండ్రంగా వేరే చెయ్యి. మరి కూతురిదేనేమో.

నాన్నకి ఇచ్చే ముందు రబ్బరుతో తుడిచేద్దామనుకున్నాను. తుడవనా?

పాతకాగితం

తుడిస్తే ధర పెరగదు, కాగితం బొచ్చు లేస్తుంది. వదిలెయ్యండి.

మాధవి_డెన్వర్

తుడవద్దు! దయచేసి తుడవద్దు.

సందేహాల్రావు

కొత్తగా కనబడాలంటే తుడవాలి కదా. ఎవరిదో సొంత విషయం, మీ నాన్నగారికి ఎందుకు?

ఆబిడ్స్_ఆదివారం

రావన్నా, పాత పుస్తకం కొనుడంటేనే గది. నా దగ్గర ఒక దాంట్ల ఎవరో రాసుకున్న పాల లెక్క ఉన్నది, తారీఖులతోని. నవల కంటె ముందు నేను అదే చదువుత. ఉండనీ తమ్మీ.

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

సరే, ఉంచేస్తున్నా.

ఇంకో సాయం. ఖమ్మం ఎండకి, వానాకాలం తేమకి ఇది ఎలా కాపాడాలి? నాన్న వెంటనే క్యాలెండరు కాగితంతో అట్ట వేసేస్తారు, అది మాత్రం ఖాయం.

ఆబిడ్స్_ఆదివారం

ఎండిన వేపాకు బీరువాల పెట్టు. మా ఇంట్ల ముప్పై ఏండ్ల సంది గదే.

పాతకాగితం

బీరువాలో మూలకి, గుడ్డలో కట్టి పెడితే పెట్టండి. పేజీల మధ్య మాత్రం వద్దు, ఆకు మరక కాగితానికి దిగుతుంది. నెమలీకలు, పువ్వులు కూడా వద్దు.

జాకెట్‌కి లామినేషన్ చేయించారో, పని అయిపోయినట్టే. చినిగిన చోట సెల్లోటేపు వెయ్యకండి, పదేళ్లకి జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకుతుంది. అమెరికా లైబ్రరీల్లో జాకెట్ మీద తొడిగే పారదర్శకమైన పాలియెస్టర్ కవర్లు దొరుకుతాయి, ఒకటి కొని తొడిగి తీసుకెళ్లండి. అతికించే పని లేదు, మడతలు లోపలికి దోపడమే. దాని పైన మీ నాన్నగారు క్యాలెండరు అట్ట వేసుకున్నా నష్టం లేదు.

650 పేజీలు దాటిన బరువైన పుస్తకం. పడుకోబెట్టి చదివినా పర్లేదు, బోర్లా మాత్రం పెట్టద్దని చెప్పండి. వీపు విరుగుతుంది. చెకిన్ సామానులో వెయ్యకుండా చేతిసంచిలో పెట్టుకోండి.

గోదారిగట్టు

ఈ చర్చ చదువుతుంటే మా హైస్కూలు గుర్తొచ్చింది. హెడ్మాస్టరు గదిలో గోడకి పటం కట్టి ఉండేది, లింకన్ తన కొడుకు టీచరుకి రాసిన ఉత్తరం. "మా అబ్బాయికి ఇది నేర్పండి, అది నేర్పండి" అని. ఎంత బాగుంటుందో! ఆ ఉత్తరం ఈ నవలలో వస్తుందా?

చరిత్ర_టీచరమ్మ

రాదండీ. ఎందుకంటే ఆ ఉత్తరం లింకన్ రాసినట్టు ఆధారమే లేదు. ఆయన రాతలన్నీ సంపుటాలుగా వచ్చాయి, వాటిలో ఎక్కడా లేదు. ఆయన ప్రెసిడెంటు అయ్యేనాటికి పెద్దబ్బాయి రాబర్ట్ హార్వర్డ్‌లో చదువుతున్నాడు. చిన్నవాళ్లు విల్లీకీ, టాడ్‌కీ వైట్ హౌస్‌లోనే చదువు చెప్పించారు. మన దగ్గర ఎన్నో బడుల గోడల మీద ఉంది ఆ ఉత్తరం, ఉపాధ్యాయ దినోత్సవం నాడు చదువుతారు కూడా. నేనే ఒకసారి వేదిక మీద చదివాను, తర్వాత తెలిసి చాలా బాధపడ్డాను.

అందుకే నవల విషయంలో అంత గట్టిగా మాట్లాడింది. నచ్చిన లింకన్ని మనం తయారుచేసుకుంటాం.

గోదారిగట్టు

అయ్యో. పదేళ్లు నా పర్సులో దాని ప్రతి పెట్టుకుని తిరిగానండీ.

కడపకుర్రోడు

టీచరమ్మా, మీరు చెప్పిందానికి ఒక్క మాట. ఆ ఉత్తరం ఎవరు రాసినారో చెప్పకుండా లింకన్ పేరు పెట్టినారు, అది మోసం. విడాల్ పైనే 'నవల' అని పేరు పెట్టుకున్నాడు. ఏది కల్పించినాడో వెనకాల రెండు మాటల్లో చెప్పుకున్నాడు కూడా. రెండూ ఒకటి కాదు కదా?

చరిత్ర_టీచరమ్మ

ఒకటి కాదు, ఒప్పుకుంటాను. కానీ చదివేవాడి బుర్రలో రెండూ ఒకే చోటికి చేరతాయి నాయనా. మా విద్యార్థి ఒకడు పరీక్షలో నవలలోని సంభాషణ రాసి, లింకన్ అన్నాడని కొటేషన్ గుర్తులు పెట్టాడు. నేను సున్నా వెయ్యలేదు. పిలిచి హే డైరీ ఇచ్చి చదవమన్నాను. ఇరవై రెండేళ్ల కుర్రాడిగా వైట్ హౌస్‌లో చేరి, లింకన్ని చాటుగా 'టైకూన్' అని పిలుస్తూ రాసుకున్న డైరీ అది. నవలలో హే అంత ప్రాణంగా ఉన్నాడంటే ఆ డైరీ చలవే. నవల చదివినవాళ్లు దాని పక్కన అదీ చదవాలి. నా కోరిక అంతే.

మాధవి_డెన్వర్

ఇది నాకు పూర్తిగా సమ్మతం. డైరీ వెతుకుతాను.

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

నేను బయల్దేరే ముందు నవల మొదలుపెట్టేశాను, సీవార్డ్ చుట్ట తాగుతూ ఏదో పన్నుతున్న దగ్గర ఉన్నాను. ఆదివారం మా అమ్మాయిని తీసుకుని ఓక్ రిడ్జ్‌లో లింకన్ సమాధికి వెళ్లాం. ముందర కంచు తల ఉంటుంది, వచ్చినవాళ్లందరూ ముక్కు రుద్దుతారు, కలిసొస్తుందని. తలంతా నల్లగా ఉండి ముక్కు ఒక్కటీ బంగారంలా మెరుస్తుంది. అమ్మాయిని ఎత్తుకున్నాను, అదీ రుద్దింది. ఇన్నిసార్లు వెళ్లాను కానీ ఈసారి ఆ మొహాన్ని చాలాసేపు చూశాను. మీ అందరి మాటలూ చెవిలో ఉన్నాయి.

అన్నట్టు అమ్మినాయన జవాబిచ్చాడు. ఆస్పత్రిలో ఉన్నాడట పాపం. క్షమాపణకి థాంక్స్ చెప్పి, 30 డాలర్లు తనంతట తనే వెనక్కిచ్చాడు. నేను అడగలేదు.

సందేహాల్రావు

నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. పెద్దమనిషి.

ఆబిడ్స్_ఆదివారం

నాలుగు పుస్తకాలు చూసిన అన్నా. మూడింటి మీద ఫస్ట్ ఎడిషన్ అని ఉన్నది, పక్కన 2! ఇన్నేండ్లు ఎన్కకు పెట్టి దుమ్ము పట్టిచ్చిన. ఇయ్యాల తుడిచి ముందు వరసల పెట్టిన.

పాతకాగితం

జాకెట్ మీద ధర ఉందో లేదో చూసుకో తమ్ముడూ, ఆ తర్వాత పండగ.

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

మూడు వారాల తర్వాత రాస్తున్నా, ఖమ్మం నుంచి.

పుస్తకం నాన్న చేతిలో పెట్టాను. ముందు బరువు చూశారు. తర్వాత కాపీరైట్ పేజీ నేను చూపిస్తే, అంకెల లెక్క పాతకాగితం గారు చెప్పినట్టే చెప్పాను, రెండుసార్లు చెప్పించుకున్నారు. క్రిస్మస్ 1984 రాత చదివి "ఈ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో" అన్నారు. పెన్సిల్ గీత నేను చెప్పలేదు. ఆయనంతట ఆయనే చూశారు రెండోనాడు. ఏమీ అనలేదు.

సూటిగా చివరికి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. మొదటి నుంచి చదివారు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. నిన్న రాత్రి పదిన్నరకి అయిపోయింది. వరండాలోకి వచ్చి కూర్చున్నారు. నేనూ అప్పటికి చివరి ఘట్టం చదివేశాను, మాట్లాడుకున్నాం. ఇక్కడ అందరూ చదివినవాళ్లో, చదవబోయేవాళ్లో కాబట్టి ఎక్కువ చెప్పను. అంతా అయ్యాక జాన్ హే పారిస్‌లో ఒక విందులో ఉంటాడు, లింకన్ ఎవరు అన్న ప్రశ్న అక్కడికి వస్తుంది. హే ఇచ్చే జవాబు నాన్నకి నచ్చలేదు. "అంత రక్తం చూసిన మనిషి చావుని తనే పిలుచుకున్నాడనడం బాగా ఉంది కానీ, నేను నమ్మను. ఆయనకి ఇంకా పని మిగిలి ఉంది" అన్నారు. టీచరమ్మ గారు చెప్పిన ఏప్రిల్ 11 ప్రసంగం సంగతి చెప్పాను. "అదీ!" అని తొడ మీద చరుచుకున్నారు.

ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. పారిస్‌లో హేతో మాట్లాడే ఆ ముసలాయన స్కైలర్, పక్కన కూతురు. "వీడెవడు? ఇన్ని వందల పేజీలూ లేనివాడు ఆఖరున ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడు?" అని పొద్దుటి నుంచీ ఒకటే అడుగుతున్నారు. నాకు తెలియదు. మాధవి అక్కా, మీకు తెలిసే ఉంటుంది.

మాధవి_డెన్వర్

నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. హే జవాబు మీద ఆయన అన్నది నాకు ఎప్పుడూ తట్టలేదు, ఆ పేజీలు మళ్లీ చదువుతాను.

ఆ స్కైలర్ విడాల్‌దే అంతకుముందు వచ్చిన నవలలోవాడు. 'బర్' అని, 1973. ఆరన్ బర్ కథ, ప్రెసిడెంటు జెఫర్సన్ దగ్గర ఉపాధ్యక్షుడిగా ఉండి, 1804లో తన రాజకీయ ప్రత్యర్థి హామిల్టన్ని ద్వంద్వ యుద్ధంలో కాల్చిన ఆయన. ముసలివాడైన బర్ దగ్గర గుమాస్తాగా చేరి ఆయన కథ రాసుకునే కుర్రాడే ఈ స్కైలర్. వాషింగ్టన్, జెఫర్సన్ ఎవర్నీ వదలడు బర్ ఆ పుస్తకంలో. ఆ తర్వాత '1876' అనే నవలలో స్కైలర్, కూతురు ఎమ్మా మళ్లీ అమెరికా వస్తారు. నాన్నగారు ముందు 'బర్' చదవాలి.

చరిత్ర_టీచరమ్మ

బర్ చదివేటప్పుడు జెఫర్సన్ గురించి చెప్పేది బర్ అని గుర్తుపెట్టుకోమనండి. జెఫర్సన్ అతని మీద దేశద్రోహం కేసు పెట్టించాడు, 1807లో కోర్టు నిర్దోషి అంది. పగబట్టినవాడి నోటి మాట అది.

స్ప్రింగ్‌ఫీల్డ్_శీను

చదివి వినిపించాను. "టీచరమ్మ చెప్పింది నిజం, అందుకే ఇంకా బాగుంటుంది" అంటున్నారు. నేను ఎల్లుండి వెళ్లిపోతున్నా, ఈలోగా దొరికేలా లేదు. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా 'బర్' ఉందా? మొదటి ముద్రణ అక్కర్లేదు. అక్షరాలు కాస్త పెద్దగా ఉండాలి, చివరి పేజీలు ఉండాలి.

ఆబిడ్స్_ఆదివారం

నా దగ్గర ఉన్నది తమ్మీ. ముందు వరసల పెట్టిన అన్న మూడింట్ల ఒకటి గదే. పేజీలు లెక్కవెట్టిన, అన్నీ ఉన్నయి. రేపు పొద్దుగాల ఖమ్మం బస్సుకు ఇచ్చి పంపిస్త, చదివినంక ఇయ్యమను, తొందర లేదు. అట్ట ఏసుకోమను, గని క్యాలెండరు కాగితం కింద ఆ పారదర్శకం కవరు నువ్వు తొడిగే పో.